నూకన్న పంచె

ఆఫ్రికా స్టాంపున్న కవరు చింపి, మొదటి నాలుగు పంక్తులు చదివి, సూర్యావతి దాన్ని ఎవరికీ కనపడకుండా బడి సంచిలో తోసేసిన చోట మనం ఆగాం. మధ్యలో వచ్చి చేరినవారి కోసం రెండు ముక్కలు చెప్పి ముందుకు వెళ్దాం. సూర్యావతికి ఇరవై రెండేళ్ళు. భిలాయి సెక్టర్ ఆరులో కంపెనీ క్వార్టర్లో ఉంటుంది, అక్కడి ప్రైమరీ స్కూల్లో టీచరు. తండ్రి గేదెల అప్పలసూరి మొదట రైల్వేలో చేసి, ప్లాంటు మొదలయ్యాక ఫర్నేసు పనిలోకి మారాడు. తల్లి చిన్నప్పుడే పోతే మామ్మ తులసమ్మే పెంచింది. ఇక తాత ధర్మయ్య. కుర్రతనంలో ఓడెక్కి దక్షిణాఫ్రికాలోని నెటాలు చెరుకు తోటలకు కూలికి వెళ్ళాడు, మేస్త్రీ దెబ్బలు పడలేక పారిపోయాడు, సముద్రపు ఒడ్డునే దక్షిణంగా నడుచుకుంటూ పోయి ఖోసా జనం మధ్య నాలుగేళ్ళు బతికాడు, చివరికి పట్టుబడి తిరుగు ఓడలో ఇంటికొచ్చాడు. అక్కడ ఏట్లో కొట్టుకుపోతున్న ఆయన్ని జుట్టు పట్టి ఒడ్డుకు లాగిన స్నేహితుడు నూకన్న. ఆ నూకన్న ఊరినుంచే ఇప్పుడు ఉత్తరం వచ్చింది. యాభై ఏళ్ళ తర్వాత, రాజాం పోస్టాఫీసు నుంచి మూడు ఊళ్ళు తిరిగి వచ్చింది.

ఉత్తరం ఇంగ్లీషులో ఉంది. "నా పేరు తాండేకా. మిషను బడిలో పాఠాలు చెబుతాను. మా మామ్మ నూకన్న చెప్పమన్న మాటలు రాస్తున్నాను" అని మొదలైంది. పాపం, భాష సరిగా రాని పిల్ల, తాతని మామ్మ అని రాసేసిందనుకుంది సూర్యావతి. టీచరమ్మ కదా, మనసులోనే ఎర్ర సిరాతో దిద్దేసింది. కానీ తర్వాతి మూడు పంక్తుల్లోనూ 'ఆమె' అనే ఉంది. ఒకసారి తప్పు రాస్తే తొందర అనుకోవచ్చు. నాలుగుసార్లు అదే రాస్తే తప్పు రాసినవాళ్ళది కాదు, చదివినవాళ్ళది. అప్పుడు ఆ పేరుని అక్షరం అక్షరం కూడబలుక్కుని చూసింది. నూకన్న కాదు. నోఖాన్యో.

నూకన్న అంటే ఆ ఇంట్లో ఎవరనుకున్నారు? తులసమ్మకి తోబుట్టువులు లేరు. మొగుణ్ణి బతికించి తన పసుపు కుంకుమలు నిలబెట్టినవాడు గనుక నూకన్న తనకి అన్న అని కాపురానికొచ్చిన ఏడే తీర్మానించుకుంది. పేరు కూడా కలిసొచ్చింది. విశాఖపట్నం వైపు నూకాలమ్మ పేరు పెట్టుకోని గడప ఉండదు. సముద్రం అవతల కూడా ఒక నూకన్న ఉండడం ఎవరికీ వింతగా తోచలేదు. మనవాడే ఎవడో ముందు ఓడలో వెళ్ళి ఉంటాడులే అనుకున్నారు. ఏటా కొత్త అమావాస్యకి, నూకాలమ్మ పండగనాడు, తులసమ్మ ఒక కొత్త పంచె కొని, పసుపు నీళ్ళు చిలకరించి, "మా అన్నకి" అని అమ్మవారి ముందు పెట్టేది. మర్నాడు దాన్ని ఎవరో ఒక దిక్కులేని ముసలాయనకి ఇచ్చేసేది. భిలాయిలో నూకాలమ్మ గుడి లేదు. కొడుకు ఫర్నేసు నుంచి తెచ్చిన పాత ఇటుకని పెరట్లో వేపచెట్టు కింద నిలబెట్టి పసుపు రాసింది. అంత నిప్పుకి ఓర్చుకున్న ఇటుక కంటే అమ్మవారికి తగిన రాయి ఇంకేముంటుందని ఆమె వాదన.

పంచె కొనడానికి వెళ్ళేముందు ప్రతి ఏడూ ఒకటే ప్రశ్న వేసేది, మా అన్న పొడుగెంతయ్యా అని. ధర్మయ్య ప్రతి ఏడూ ఒకటే జవాబుతో దాటేసేవాడు, పంచెకి పొడుగుతో పనేమిటి, కట్టుకునేవాడి సరదా గానీ అని. ఇల్లంతా నవ్వేది. నలభై ఎనిమిదేళ్ళుగా ఆ నవ్వు అలాగే నడుస్తోంది.

ఈ ఏడు మాత్రం తులసమ్మ ఆ ప్రశ్న అడగకుండానే మరోదా బజారులో వెంకటరత్నం బట్టల కొట్టుకి బయల్దేరింది. సూర్యావతి అది గమనించలేదు. తన సంచిలో ఉన్న కవరు మీదే ఆమె ప్రాణమంతా ఉంది.

ఆదివారం, మధ్యాహ్నం ఎండ దిగుతున్న వేళ. అప్పలసూరి బి షిఫ్టుకి సైకిలెక్కి వెళ్ళిపోయాడు. పెరట్లో నులక మంచం మీద ధర్మయ్య కళ్ళు మూసుకుని పడుకున్నాడు. గోడ అవతల ఎక్కడో ఇప్పపూలు రాలుతున్నట్టున్నాయి, తియ్యటి మత్తు వాసన గాలిలో వస్తోంది. ప్లాంటు వైపు నుంచి ఫర్నేసు ఊపిరి ఆగకుండా వినపడుతోంది. కొత్తగా వచ్చినవాళ్ళకి ఆ హోరుకి నిద్రపట్టదు. ధర్మయ్యకి అది ఉంటేనే నిద్ర. సముద్రం పక్కన పడుకున్నట్టుంటుందని అంటాడు.

సూర్యావతి మంచం పట్టె మీద కూర్చుంది. ఎలా అడగాలో పొద్దుటినుంచి పది రకాలుగా అనుకుంది, తీరా అడిగేసరికి ఆ పదీ పోయాయి.

"తాతా, సచ్ చెప్పు. నూకన్న మగవాడేనా?"

ధర్మయ్య కళ్ళు తెరవలేదు. నాలుకని పక్క పళ్ళకి ఆనించి, ఎడ్లని అదిలించేటప్పుడు చేసే చప్పుడు చేశాడు. సూర్యావతికి చిన్నప్పటినుంచీ ఎరుకైన చప్పుడే. వాళ్ళ భాషలో మాటల నడుమ ఈ చప్పుళ్ళే వస్తాయని, ఖోసా అన్న పేరే ఈ చప్పుడుతో మొదలవుతుందని, మనకి నోరు తిరగక ఖ అంటామని చెప్పి కాలనీ పిల్లలందరి చేతా చేయించేవాడు. ఆవేళ మాత్రం నవ్వించడానికి చేసినట్టు లేదు. ఎవరినో పిలిచినట్టుంది.

"ఎవులు సెప్పినారు?" అని అడిగాడు.

ఆమె కవరు ఆయన చేతిలో పెట్టింది. చదువు రాని వేళ్ళతో ఆయన దాన్ని తడిమాడు, స్టాంపు దగ్గర ఆగాడు.

"కూకో గుంటా. నీకిన్నాళ్ళూ సెప్పిందంతా నిజివే. ఒక్క ముక్కే ఒగ్గీసినాను."

ఆయన చెప్పింది అంతకుముందు ఆమె వంద సార్లు విన్న ప్రయాణమే. అదే దారి, అవే ఏళ్ళు, అవే కొండలు. అయినా ఒక్క ముక్క మారేసరికి దారంతా కొత్తగా వెలిగింది.

చెరుకు తోటలో పని ముగిశాక ఒక సాయంత్రం ఆయన బయటపడ్డాడు. ఎడమ చేతి వైపు సముద్రం ఉంటే చాలు, దక్షిణానికి పోతున్నట్టే అని ఎవరో చెప్పారు. అంతే ఆయనకి తెలిసిన భూగోళం. పగలు పొదల్లో దాక్కుని, పొద్దు వాలాక ఇసుక మీద నడిచాడు. పోటు తగ్గినప్పుడు ఏటి ముఖాలు దాటాడు. పదో రోజో పదకొండో రోజో ఒక సరిహద్దు ఏరు దాటాక ఇక దాక్కోవాల్సిన పని లేకపోయింది. దొరలూ లేరు, రోడ్లూ లేవు. పచ్చటి కొండలు వరసగా వచ్చి సముద్రంలోకి దిగుతున్నాయి. ఆ కొండల మీద గుండ్రటి మట్టి ఇళ్ళు, పైన శంకువులాగా గడ్డికప్పు, గుమ్మాలన్నీ తూరుపు ముఖం. ధర్మయ్యకి కాళ్ళు ఆగిపోయాయి. అవి మన శ్రీకాకుళం తీరంలోని చుట్టిళ్ళే. గాలివానకి పడిపోకుండా మన తాతలు ఎలా కట్టుకున్నారో అచ్చం అలాగే. దారి తప్పి ఇంటికే వచ్చేశానేమోనని ఇసుకలో కూలబడి ఏడ్చానని ఇదివరకెప్పుడూ చెప్పలేదు, ఆవేళ చెప్పాడు.

తెల్లవారేసరికి తన చుట్టూ ఆవులు. మేతకి వచ్చిన ఆవులు కాదు, ఊరికే సముద్రపు ఒడ్డున పడుకుని నెమరు వేస్తున్న ఆవులు. తెల్లవి, ఎర్రవి, పిట్టగుడ్డు మీద ఉన్నట్టు చుక్కలు చుక్కలుగా ఉన్నవి. ఒకదానికీ మనిషంటే బెదురు లేదు. ఈగలు రాని గాలికోసం వస్తాయట. వాటి వెనకాల నీళ్ళలో తిమింగలం లేచి చిమ్మిన నీళ్ళు ఎండకి మెరిసి మాయమయ్యాయి. అక్కడ మనుషులకి అదేమీ వింత కాదు. నీళ్ళకి వచ్చిన ఆడవాళ్ళు అటు చూడకుండానే కుండలెత్తుకుని వెళ్ళిపోయారు. వాళ్ళ దుప్పట్లు జేగురు రంగువి, మొహాలకి తెల్లటి సుద్ద పూత.

చలికాలం మొదట్లో చిన్న చేపలు గుంపు కట్టి వస్తాయి. అంతా ఇంతా కాదు, సముద్రంలో ఒక మబ్బు నీడ నడిచి వస్తున్నట్టుంటుంది. దాని వెంట డాల్ఫిన్లు, దాని పైన వేల పక్షులు. రెక్కలు మూసుకుని నీళ్ళలోకి రాళ్ళలా పడతాయి. ఊరంతా బుట్టలు పట్టుకుని పరిగెడుతుంది. ధర్మయ్యా పరిగెత్తాడు. బుట్ట లేక పంచె విప్పి పట్టాడు. అందరూ నవ్వారు. అందులో ఒక నవ్వు మిగతావాటిలో కలవకుండా విడిగా వినపడింది.

ఆ నవ్విన మనిషే మర్నెల్లో ఆయన్ని ఏట్లోంచి లాగింది. ఆ ఏటి పేరుకి వాళ్ళ భాషలో నీటిగుర్రాల ఇల్లని అర్థం. నీటిగుర్రాలు ఆ పాటికే తగ్గిపోయాయి గానీ, ఒకటి మిగిలి ఉందని పందెం కాసి ఈయన దిగాడు. వరదొచ్చింది. జుట్టు చేతికి చిక్కింది. ఇంతవరకూ కథ పాతదే. ఒడ్డున పడేసి ఆమె తిట్టిన తిట్లలో ఒక్కటీ అర్థం కాలేదు గానీ, ప్రతి తిట్టులోనూ ఎడ్లని అదిలించే చప్పుడు వచ్చిందని, అప్పుడే తనకి ఈ మనిషి లేకుండా ముందుకి నడవాలని లేకపోయిందని ధర్మయ్య మామూలుగా చెప్పాడు. డెబ్భై అయిదేళ్ళ మనిషి మాట దాచుకోకుండా చెబితే ఎలా ఉంటుందో సూర్యావతికి అప్పుడు తెలిసింది. ఆమెకి సిగ్గేసింది, సంతోషమూ వేసింది, వెంటనే మామ్మ గుర్తొచ్చి భయమూ వేసింది.

"మరి ఆమె పేరు నూకన్న ఎలా అయింది?"

అక్కడే ఉంది అసలు తమాషా. అక్కడ కొత్త పెళ్ళికూతురు పుట్టింటి పేరుతో ఉండదు. అత్తవారు ఆమెకి కొత్త పేరు పెడతారు, ఆ పేరు 'నో' అని మొదలవుతుంది. అత్తగారూ ఆడపడుచులూ చేసే పని అది. ఆమెకి అత్తవారంటే ధర్మయ్య వాళ్ళు, వాళ్ళేమో సముద్రం అవతల. పెళ్ళినాడు ముసలమ్మలందరూ ఆయన చుట్టూ చేరి, మీ వాళ్ళ తరఫున నువ్వే చెప్పు అన్నారు. ఆయన బిక్కమొహం వేశాడు. అమ్మ నోట వినే పేర్లలో నకారంతో మొదలయ్యేది ఒక్కటే నాలుకకి తగిలింది.

"నూకాలమ్మ అన్నాను. ఆ ముసిల్దానికి సెవుడు. నోఖాన్యో అంతన్నాడు అని కేకేసింది. ఎలుగుని తెచ్చేదని అర్తవంట. అందరూ సప్పట్లు కొట్టీసినారు. ఇంకేటి దిద్దుతాను?"

తర్వాత స్వదేశానికి వచ్చి, అమ్మ ముందు కూర్చుని, నన్ను నోఖాన్యో బతికించిందని చెప్పబోయాడు. అమ్మకీ వినికిడి అంతంతమాత్రమే. నూకన్న అంది. మనవాడేనా అంది. అప్పటికే తులసమ్మని ఖాయం చేసి ఉంచారు. నోరు తెరిచి కాదు అంటే మాట ఎంత దూరం వెళ్తుందో ఆయనకి తెలుసు. అక్కడ ఒక చెవిటి ముసలమ్మ, ఇక్కడ ఒక చెవిటి ముసలమ్మ. ఒకరు పేరు పెట్టారు, ఇంకొకరు మీసం పెట్టారు.

సూర్యావతికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నూకన్న గుమ్మంలో కూర్చుని బారెడు గొట్టంతో పొగ తాగేవాడని తాత చెప్పినప్పుడల్లా ఇంట్లో అందరూ ఆహా మగాడంటే అలా ఉండాలని మురిసేవారు. మామ్మ ఒక్కతే ఏమీ అనేది కాదు. నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగుతూ, చుట్ట చాటున పెదాలు బిగించి కూర్చునేది. పొగ తాగే ఆడదానికి పొగ తాగడం మగతనంలా ఎలా తోస్తుంది? ఆ సంగతి అప్పుడు ఎవరికీ తట్టలేదు, ఇప్పుడు మనవరాలికి తట్టింది.

"నువ్వు వచ్చేటప్పటికి ఆమె..." అని ఆగింది సూర్యావతి.

"నాలుగో నెల. ఉప్పుకని ఏటి రేవుకెల్లినాను. పారిపోయిన కూలీ అని అక్కడే పట్టేసినారు. ఎల్లొస్తానని కూడా సెప్పలేదు."

ఇక సూర్యావతి ఉత్తరమంతా పైకి చదివింది, ఒక్కొక్క వాక్యాన్నీ తెలుగు చేసి చెప్పింది. నోఖాన్యో బతికే ఉంది. కళ్ళు కనపడవు. గుమ్మంలో కూర్చుని సముద్రం చప్పుడు వింటుంది. ఆమె కొడుకు, అంటే తాండేకా తండ్రి, యాభై దాటినవాడు, ఊళ్ళో పెద్దమనిషి. కానీ ఆయనకొక లోటుంది. అక్కడ మనిషిని గౌరవంగా పిలవాలంటే సొంత పేరు పెట్టి పిలవరు, తండ్రి వంశం పేరు పెట్టి పిలుస్తారు. పండగలో, పెళ్ళిలో, చావులో ఆ పేరు పలకందే పెద్దలకి కబురందదు. పట్టిస్తారన్న భయంతో ధర్మయ్య తన పేరూ రాజాం పేరూ తప్ప, అక్కడ ఎవరికీ తన ఇంటిపేరు చెప్పలేదు. అందుకని ఆ కొడుకుని యాభై ఏళ్ళూ మేనమామల వంశం పేరుతోనే పిలిచారు. వచ్చే చలికాలంలో, అంటే మనకి ఆషాఢ శ్రావణాల్లో, పంటలయ్యాక నోఖాన్యో కోసం ఎద్దుని కోసి పెద్దలందరినీ పిలవబోతున్నారు. ఆ రోజు తన తండ్రి తన వంశం పేరు విని తల ఎత్తాలని, ఆ పేరు ఏమిటో రాయమని తాండేకా అడిగింది.

చివరి పేజీలో ఒక మాట ఇంగ్లీషులో చదివినప్పుడు వింతగా తోచింది. అక్కడ మా తాతని చూసుకునే ఆమె ఎవరైనా ఉంటే, ఆమె మా నాన్నకి చిన్న తల్లి, ఆమెకి మా దండాలు అని ఉంది. నిన్న బడిలో కూర్చుని ఉత్తరమంతా చదివినప్పుడు, చిన్న తల్లి ఏమిటని జుట్టు పీక్కుంది. ఇప్పుడు తాత ముందు తెలుగులో పైకి అనేసరికి ఆ మాట తనంతట తనే సర్దుకుని కూర్చుంది. చిన్నమ్మ.

ఉత్తరం రావడానికే అయిదు నెలలు పట్టింది. రేపు పోస్టు చేస్తే తప్ప చలికాలానికి అందదు. రాయాల్సింది ఒక్క మాట, గేదెల. ఆవుల మధ్య పుట్టి పెరిగిన మనిషికి పశువు పేరే ఇంటిపేరని తెలిస్తే ఆయన ఎంత పొంగిపోతాడోనని సూర్యావతి కాగితం తీసింది. ధర్మయ్య ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"రాయొద్దు."

ఆ మాట ఆయన గట్టిగా అనలేదు. ఇంటిపేరు ఇచ్చాక కొడుకని ఒప్పుకున్నట్టేనని, కొడుకున్న చోట తల్లి ఉంటుందని, అప్పుడు తులసి నలభై ఎనిమిదేళ్ళు అన్నకి పెట్టిన పంచెలన్నీ ఏమవుతాయని అడిగాడు. సవతికి పంచెలు పెట్టి మొక్కిందని ఊరు నవ్వితే ఆ మనిషి బతకదన్నాడు. నా పాపం నాతో పోనీ అన్నాడు. సూర్యావతికి కోపం వచ్చింది. మీ ఇద్దరి మధ్యా ఉన్న సిగ్గుకి అక్కడ ఒక మనిషి యాభై ఏళ్ళుగా పేరు లేకుండా బతుకుతున్నాడని అనేసింది. అని, వెంటనే మామ్మ చేతి ముద్దలు గుర్తొచ్చి కాగితం ఒళ్ళో పెట్టుకుంది. ఆ కాగితం మీద ఒక్క మాట రాస్తే అక్కడ ఒకాయన తల ఎత్తుతాడు, ఇక్కడ ఒకావిడ తల దించుతుంది. రాసే చెయ్యి తనదే.

వీధి తలుపు చప్పుడైంది. తులసమ్మ ఎండలో నడిచొచ్చి, కాళ్ళు కడుక్కుని, పెరట్లోకి వచ్చి వేపచెట్టు నీడలో చతికిలబడింది. చంకలో బట్టల కొట్టు పొట్లం ఉంది. తీరిగ్గా చుట్ట వెలిగించి, నిప్పు లోపలికి పెట్టుకుంది. ఇద్దరి మొహాలూ చూసింది. మంచం మీద కవరునీ చూసింది.

"పోస్టు బలరాం నిన్ననే సెప్పినాడు, ఆఫ్రికా నుంచి చిట్ఠీ వొచ్చిందని. మా నూకన్నదేనా? సదువు."

ధర్మయ్య కవరు మీద చెయ్యి పెట్టాడు. సూర్యావతి దాన్ని నెమ్మదిగా తీసుకుంది. చదివింది. ఆమె అన్నచోట ఆయన అంది. మామ్మ అన్నచోట తాత అంది. గుమ్మంలో కూర్చుని సముద్రం వింటున్నాడంది. పిల్లలకి తప్పుల్లేకుండా చదవమని చెప్పే మనిషి, ప్రతి పంక్తిలోనూ కావాలని తప్పు చదివింది. చిన్నమ్మ దగ్గరికొచ్చేసరికి ఆ వాక్యం మొత్తం మింగేసి, అందరికీ దండాలు అని ముగించింది.

తులసమ్మ అంతా విని, చుట్ట తీసి పక్కన పెట్టి, పొట్లం దారం విప్పింది. లోపల పంచె లేదు. ఎర్రంచు నేత చీర ఉంది. దాన్ని మడత విప్పకుండా ధర్మయ్య ఒళ్ళో పెట్టింది.

"ఎన్ని గజాలు సరిపోతాదో తెల్దు. ప్రతి ఏడూ అడిగితే దాటేసినావు. ఇప్పుడైనా సెప్పయ్యా. మా అక్క పొడుగెంత?"

ధర్మయ్య చీర వంక చూశాడు, ఆమె వంక చూశాడు. చెయ్యెత్తి తన భుజం మీద పెట్టుకున్నాడు.

"ఇక్కడికొస్తాది."

తులసమ్మ తల ఊపింది. కొట్టువాడు చెప్పిన లెక్క సరిపోయిందన్నంత మామూలుగా ఊపింది. కానీ ఆమె కళ్ళనుంచి నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు. సూర్యావతి వెళ్ళి ఆమెని పట్టుకుంది. ఎప్పటినుంచి తెలుసు మామ్మా అని అడిగింది.

తులసమ్మ లేచి లోపలికి వెళ్ళింది. రేకు పెట్టె మూత చప్పుడైంది. వచ్చేటప్పుడు చేతిలో పాత గుడ్డమూట. అప్పలసూరికి మొలతాడు కట్టిననాడే ఇది వచ్చిందని చెప్పింది. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో ఎక్కడెక్కడో ఆగి రెండేళ్ళకి చేరింది. ఈయన పొలంలో ఉంటే పోస్టువాడు తన చేతికిచ్చాడు. తనకి చదువు రాదు. విప్పితే కాగితం లేదు, పూసలున్నాయి. తెల్లవీ నీలివీ కలిపి గుచ్చిన, పసిబిడ్డ నడుముకి సరిపోయే మొలతాడు. మొగ స్నేహితుడు అలాంటిది పంపడు. అది చదవడానికి బడికెళ్ళాలా?

"నీకిస్తే ఎల్లిపోతావని దాసీసినాను. నాను పంచెలు కొన్నన్నాళ్ళూ నువ్వా మాట సెప్పలేవు. సెప్పలేనన్నాళ్ళూ ఎల్లలేవు. అందుకే కొన్నాను. పాపం నీదొక్కడిదే కాదయ్యా." ఆమె మనవరాలి వైపు తిరిగింది. "రాయే. గేదెల అని రాయి. నాను రాయించినట్టు రాయి."

సూర్యావతి రాసింది. తన చేతిరాతలో ఇంటిపేరు అంత అందంగా ఎప్పుడూ పడలేదు. ప్లాంటు వెనక అప్పుడే ఫర్నేసులో కరిగిన చిట్టెం పోస్తున్నారు కాబోలు, సాయంత్రపు ఆకాశం ఒక్కసారిగా ఎర్రబడింది. వేపచెట్టు కింద పసుపు ఇటుక కూడా ఎర్రగా కనపడింది.

ఆ వెలుతురులో ధర్మయ్య మూట విప్పుకున్నాడు. పూసల్ని వేళ్ళతో ఒక్కొక్కటే జరుపుతూ పోయాడు, పోయినవాడు ఆగాడు. చిక్కు విడదీశాడు. రెండు చేతుల్లోనూ చెరొకటి పట్టుకుని పైకెత్తాడు. ఒకటి నీలం ఎక్కువగా ఉంది, ఇంకొకటి తెలుపు.

"రెండున్నాయేటి?"

ఒకటి తెగితే ఇంకొకటని పంపిందనుకున్నానంది తులసమ్మ. ధర్మయ్య తల అడ్డంగా ఊపాడు. తెగితే మళ్ళీ గుచ్చుకుంటారు. అక్కడ బిడ్డ పుట్టగానే అమ్మమ్మ గుచ్చుతుంది. బిడ్డకొకటే గుచ్చుతుంది.

సూర్యావతి ఉత్తరం మళ్ళీ తీసింది. మూడు పేజీల్లోనూ ఒక్క కొడుకు మాటే ఉంది. రెండో బిడ్డ ఊసు ఎక్కడా లేదు. తిరగేసి చూస్తే చివరి పేజీ వెనక, సంతకం కింద, తాండేకా చిన్న అక్షరాలతో ఒక పంక్తి రాసింది. నిన్న బడిలో చదివినప్పుడు అదేమిటో బోధపడక వదిలేసిన పంక్తి అది. ఇప్పుడు పైకి చదివింది.

"రెండోదాని సంగతి ఆయన అడిగితేనే చెప్పమంది మా మామ్మ."